అద్దం మేస్త్రి ఆఖరి గచ్చు

అద్దం మేస్త్రి వేసిన గచ్చు మీద నిలబడి తల దువ్వుకోవచ్చని జనం చెప్పుకునేవారు. అది అబద్ధం. తల దువ్వుకోవడమేమిటి, గడ్డమే గీసుకోవచ్చు. వీధి మొదట్లో సెలూన్ ఉంది. ఆ సెలూన్ ఆయన కొత్తగా కొట్టు పెట్టినప్పుడు గోడకు అద్దాలు కొనే స్తోమత లేక, మేస్త్రిని పిలిచి నేల చేయించుకున్నాడట. వచ్చినవాళ్ళందరూ కొన్నాళ్ళపాటు తల వంచుకునే క్షవరం చేయించుకున్నారట. ఆ వీధిలో మగవాళ్ళకి ఇప్పటికీ మెడలు కాస్త వంగి ఉండటానికి అదే కారణమట. నమ్మేవాళ్ళు నమ్మండి, నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ మెడలు చూసి రండి.

మేస్త్రి పని ఎర్ర గచ్చు. కంకర పరుపు మీద సిమెంటూ ఇసుకా కలిపిన పూత, ఆ పూత పచ్చిగా ఉండగానే దానిమీద ఎర్ర రంగు పొడి కలిపిన సిమెంటు. అక్కణ్ణించి అసలు పని. మోకాళ్ళ మీద కూర్చుని ఉక్కు తాపీతో నొక్కుతూ, రుద్దుతూ, ఎదుటి గోడ నుంచి గుమ్మం దాకా వెనక్కి జరుగుతూ రావాలి. మధ్యలో ఆగడానికి లేదు. గది ఎంతదైనా ఒకే పూనికన, ఒకే చేతి మీద అయిపోవాలి. టీ తాగి వద్దామని లేస్తే, తాగిన టీ గచ్చులో గీతై కూర్చుంటుంది. ఇక అతుకు అన్నమాటే లేదు. ఎంత చేయి తిరిగినవాడు అతుకు వేసినా ఈ రంగూ ఆ రంగూ కలవవు. చెడిందంటే మొత్తం తవ్వి పారేసి మొదట్నుంచీ మొదలుపెట్టాలి.

అందుకే మేస్త్రి పని చేస్తున్నప్పుడు గుమ్మంలో మనిషి నీడ కూడా పడనిచ్చేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు ఒక కలప వ్యాపారి ఇంట్లో పెద్ద హాలు చేశాడు. కుర్రతనం కదా, చేయి ఆగలేదు. రుద్దాడు, మళ్ళీ రుద్దాడు, ఆరాక మైనం పట్టించి గుడ్డతో మళ్ళీ రుద్దాడు. వ్యాపారి సంతోషంతో తబ్బిబ్బయ్యాడు గానీ, ఆయన పెంపుడు కుక్క మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తొంగి చూస్తే కింద ఇంకో కుక్క. మొరిగితే అదీ నోరు తెరిచింది. సరే, తాడో పేడో తేల్చుకుందామని కాలు పెడితే, గోళ్ళు నిలవక నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయి పొట్ట మీద పడింది. మనిషి అరికాలు ఆ నేలని పట్టుకుంటుంది, కుక్క గోరు పట్టుకోదు. ఆ కుక్క బతికున్నన్నాళ్ళూ మళ్ళీ హాల్లో అడుగు పెట్టలేదు. ఆ సంగతి మేస్త్రి నవ్వుకుని మర్చిపోయాడు. అంటే, మర్చిపోయాననే అనుకున్నాడు.

ఇన్ని ఇళ్ళకి అద్దాలు పరిచిన మనిషి ఇంట్లో నేల ఎలా ఉండేదంటే, చీపురు పట్టి ఊడిస్తే చీపురే అరిగేది. గరుకు సిమెంటు, అక్కడక్కడా గుంటలు. ఆయన భార్య ఆ గుంటలకి పేర్లు పెట్టుకుంది. ఒకటి గిన్నె, ఒకటి పళ్ళెం, గుమ్మం దగ్గరది బావి.

"ఏమయ్యా, ఊరందరి మొహాలూ వాళ్ళ నేలల్లో కనబడుతున్నాయి. నా మొహం ఎలా ఉంటుందో నేను పక్కింటికి వెళ్ళి చూసుకోవాలా?" అనేది ఆమె.

"వచ్చే ఏడు వేస్తానే."

"ఆ మాట పెళ్ళయిన ఏడు విన్నాను. అప్పుడు నా మొహం చూసుకోదగ్గట్టే ఉండేది."

మేస్త్రి తాపీ తీసుకుని బయటపడేవాడు. పెళ్ళిచూపుల్లోనే ఆమెకి మాటిచ్చాడు మరి, నీ ఇంటి నేల మీద నీ మొహం చూపిస్తానని. ఇస్తే ఇచ్చాడు గానీ ఎప్పుడూ ఎవరిదో ఒకరి హాలు మిగిలిపోయి ఉండేది. అలా జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు కాయలు కాశాయి, చివరికి తాపీ పట్టే కుడి మణికట్టు వాచిపోవడం మొదలెట్టింది. ఇక బయటి పనులు మానుకోమని డాక్టరు చెప్పాడు.

మానేసిన మర్నాడే మేస్త్రి తన ముందుగది తవ్వడం మొదలెట్టాడు. భార్య సామానంతా పెరట్లోకి మోసింది. గిన్నె, పళ్ళెం, బావి, అన్నీ పోయాయి. పోతున్నప్పుడు ఆమెకి కాస్త దిగులేసింది కూడా.

*

ఎదురింట్లో ఉండే పెద్దమనిషి గురించి ఇప్పుడు చెప్పాలి. ఆయన్ని వీధంతా రూల్సు గారు అంటుంది. మున్సిపల్ ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆఫీసు వదిలినా ఆఫీసు ఆయన్ని వదల్లేదు. వీధి కమిటీకి తనే అధ్యక్షుడై, వీధి చివర ఒక బోర్డు పెట్టించాడు. దానిమీది రాత ఇది: "వీధిలో కుక్కను గొలుసు లేకుండా వదలరాదు. వదిలిన కుక్కను బండి పట్టుకుపోవును. యజమాని తన కుక్క అని రుజువు చూపి విడిపించుకొనవలెను. తప్పు చేసిన ఇంటివారి పేరు ఈ దిగువన రాయబడును." దిగువన ఒక నల్లబల్ల. రాసేందుకు చాక్‌పీసు ఎప్పుడూ రూల్సు గారి చొక్కా జేబులోనే ఉండేది, పక్కవాళ్ళు పెన్నుకి బదులు అదే అరువడిగేటంతగా.

సెలూన్ ఆయన కుక్కపిల్ల ఒకసారి గొలుసు జారి రోడ్డు దాటింది. దాటి, వాసన చూసి, మనసు మార్చుకుని వెనక్కి వచ్చేసింది. అది వచ్చేలోపే సెలూన్ పేరు బల్ల మీదికి ఎక్కింది. వానకి చెరిగిపోతే రూల్సు గారు మళ్ళీ దిద్దాడు.

ఇంత చేసిన ఆయనకీ ఒక కుక్క ఉంది. దాని పేరు మేజర్. దూడంత ఉంటుంది, తేనెరంగు ఒళ్ళు, పిల్లప్పుడు గేటు సందులో ఇరుక్కుని ముందు ఎడమ కాలికి బయటి వేలు పోయింది. మేజర్ మెడలో గొలుసు ఎవరూ చూడలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే రూల్సు గారు కళ్ళజోడు సవరించుకుని, "రూలు చదువులేని కుక్కలకోయ్. మావాడికి ట్రైనింగుంది. సిట్ అంటే కూర్చుంటాడు, కమ్ అంటే వస్తాడు," అనేవాడు. అన్నమాట నిలబెట్టడానికి "సిట్!" అని అరిచేవాడు. మేజర్ ఆయన వంక జాలిగా చూసి పక్కింటి గోడ తడిపి వచ్చేది.

*

గచ్చు వేసిన రోజు మేస్త్రి తెల్లవారకముందే మోకాళ్ళ మీదికి దిగాడు. మణికట్టుకి గుడ్డ చుట్టుకున్నాడు. భార్య పెరటి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ రోజంతా ఆమె ఒక్క ఎత్తిపొడుపు మాటా అనలేదు. అంటే చేయి వణుకుతుందేమోనని భయం. సగం గది మెరుగెక్కేసరికి ఆమెకి కిటికీ ఊచలు నేలలో కనబడ్డాయి. కాసేపటికి ఊచల వెనక ఏదో కదిలింది. అది తన మొహమే.

"కనబడ్డానయ్యా!" అంది.

మేస్త్రి తల ఎత్తలేదు గానీ పెదవి చివర నవ్వాడు. గుమ్మానికి అడ్డంగా పలకలు నిలబెట్టి, ఇంకో బారెడు నేల మిగిలిందనగా, ఆ పలకల మీదుగా ఒక పిల్లి దూకింది. పిల్లి బరువెంత? గోడవారగా పరిగెత్తి కిటికీలోంచి పెరట్లోకి పోయింది, ఈకంత గుర్తు కూడా పడలేదు. దాని వెనకే మేజర్ దూకింది.

మేజర్ గది మధ్యలో దిగబడింది. పిల్లి ఎటు పోయిందో తెలియక ఒక చుట్టు తిరిగింది. మెత్తగా చల్లగా ఉందని ఒకసారి కూర్చుంది కూడా. మేస్త్రి కేక పెట్టేసరికి ఆయన్ని పలకరించడానికి తోకూపుతూ నేరుగా ఎదురొచ్చి, మొహం నాకి, గుమ్మంలోంచి వీధిలోకి పోయింది. ఇంతా అయ్యేసరికి గది ఒక మూలనుంచి ఇంకో మూలకి అడుగులు, మధ్యలో ఒక పెద్ద పిరుదుల ముద్ర. ఎడమ ముందుకాలు పడ్డచోటల్లా మూడే వేళ్ళు.

మేస్త్రి చేతిలో తాపీ వంక చూశాడు. తర్వాత దాన్ని పెరట్లోకి విసిరేశాడు. నేల ఎలా ఉన్నది అలా, ఆఖరి రుద్దుడూ మైనమూ పడకుండానే, ఆరిపోయింది.

మర్నాడు దంపతులిద్దరూ రోడ్డు దాటి వెళ్ళి రూల్సు గారి గేటు ముందు నిలబడ్డారు. మేస్త్రికి కావలసింది డబ్బు కాదు. 'మా కుక్కేనయ్యా, పొరపాటైంది' అన్న ఒక్క ముక్క. అంటే చాలు, తిట్టుకుంటూనే వెనక్కి వెళ్ళిపోయేవాడు.

"ఏ కుక్కోయ్?" అన్నాడు రూల్సు గారు.

"మీ కుక్కేనండి. మేజర్."

"చూశావా?"

"నా మొహం నాకిందండి."

"ఊళ్ళో వంద కుక్కలున్నాయి మేస్త్రీ. ఏది నాకిందో నాలుక చూసి చెబుతావా? నా కుక్క గొలుసులో ఉంది. నా కుక్క ఎప్పుడూ గొలుసులోనే ఉంటుంది."

ఆయన వెనక మెట్ల మీద మేజర్ ఖాళీ మెడతో పడుకుని ఉంది. దాని పొట్ట కింద బొచ్చుకి ఎర్ర సిమెంటు అంటుకుని ఎండిపోయి ఉంది. మేస్త్రి భార్య ఆ పొట్ట వైపు వేలు చూపించింది.

"అమ్మా, మొగుడి మాటకి పెళ్ళాం సాక్ష్యం చెల్లదు. రుజువుంటే తీసుకురా. లేదంటే గేటు వెయ్యి, దుమ్ము వస్తోంది," అని రూల్సు గారు పేపరు విప్పుకున్నాడు.

ఇద్దరూ రోడ్డు మధ్యకి వచ్చాక మేస్త్రి ఆగాడు.

"వీడి చేత ముక్కు నేలకి రాయిస్తాను," అన్నాడు.

"ఎవరి నేలకి? మన నేల ఎక్కడుందింక?" అంది భార్య. అని, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆయన ఎదుటే కళ్ళు తుడుచుకుంది.

*

మణికట్టు బాగా వాచింది. డాక్టరు కట్టు కట్టి, కుదురుకోవడానికి కొన్ని నెలలు పడుతుందన్నాడు. "కుదురుకున్నా ఇంకొక్క గది. అంతే. ఆ తర్వాత ఈ చేత్తో టీ గ్లాసు కూడా ఎత్తలేవు. ఆ ఒక్కటీ చెయ్యకపోతే ఇంకా మంచిది," అన్నాడు.

ఆ ఒక్క గదీ ఏదో భార్యకి తెలుసు. పాడైన నేల మీద చాప పరచనిచ్చింది కాదు, "ఎలాగూ తవ్వేదే కదా" అనేది. మేస్త్రి కూడా ఊఁ అనేవాడు. అలా అంటూనే రోజూ అరుగు మీద కూర్చుని ఎదురింటి వంక చూస్తూ పళ్ళు నూరేవాడు. ముద్ద దిగేది కాదు. మేజర్ రోడ్డు మీద స్వేచ్ఛగా తిరుగుతూ మధ్యమధ్య ఆయన దగ్గరికే వచ్చి తల వంచేది. కుక్క మీద ఆయనకి కోపం లేదు. దానికి బోర్డు చదవడం రాదు. రాసినవాడికి వచ్చు.

మేస్త్రి చేయి కాస్త కుదురుకునేసరికి రూల్సు గారు ఇంటి ముందు కొత్త వరండా కట్టించాడు. వీధి కమిటీ మీటింగులు ఇక అక్కడేనట. గోడలు లేచాక, సిగ్గనేది ఎరగని మనిషి కనుక, రోడ్డు దాటి మేస్త్రి దగ్గరికే వచ్చాడు.

"ఏమోయ్, చేయి ఎలా ఉంది? పాత సంగతులు మనసులో పెట్టుకోకు. నా వరండాకి నీ గచ్చు పడాలోయ్. ఊళ్ళో ఎవరింట్లోనూ లేనంత నున్నగా ఉండాలి."

లోపల గిన్నె ఏదో నేలకేసి కొట్టిన చప్పుడైంది. మేస్త్రి భార్య వింటోందన్నమాట.

మేస్త్రి తన మణికట్టు చూసుకున్నాడు. ఎప్పుడో కలప వ్యాపారి హాల్లో పొట్ట మీద పడ్డ కుక్క ఆయన కళ్ళ ముందు మెదిలింది. నెమ్మదిగా తలెత్తాడు.

"ఎంత నున్నగా సార్?"

"నువ్వు ఇంతవరకూ చేసినవన్నీ దీని ముందు దిగదుడుపు కావాలి."

"మైనం కూడా పట్టించమంటారా?"

"పట్టించు! రెండుసార్లు పట్టించు!"

"మీరు అడిగారు కాబట్టి పట్టిస్తానండి," అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది యుద్ధం కాదు. యుద్ధంలో రెండు వైపుల నుంచీ దెబ్బలుంటాయి.

"నా నేల చెడగొట్టినవాడికి నేల వేస్తావా? ఉన్న ఒక్క చేయీ వాడికి ధారపోస్తావా? బుద్ధుందా నీకు?"

"ఉందే."

"ఉంటే ఎక్కడుంది, చూపించు!"

"వరండాలో చూపిస్తాను. కాస్త ఓపిక పట్టు."

"ఓపికట! నీకోసం ఓపిక పట్టీ పట్టీ నేనే ఒక గచ్చునైపోయాను. దానిమీద నీ మొహం చూసుకో!"

ఆమె మాట్లాడటం మానేసింది. టీ గ్లాసు అరుగు మీద టక్కున పెట్టి వెళ్ళిపోయేది. మేస్త్రి తన ఎత్తేమిటో చెప్పలేదు. చెబితే ఆమె సెలూన్ ఆయన భార్యకి చెబుతుంది, సెలూన్‌కి తెలిస్తే గోడలకి తెలిసినట్టే.

వరండా రోజున ఆయన తాపీ పట్టినప్పుడు చూసినవాళ్ళు, పక్కింటి కుర్చీలు తెచ్చుకుని మరీ చూశారు. పగతో చేసే పని అంత అందంగా ఉంటుందని అప్పటిదాకా వాళ్ళకి తెలియదు. నొప్పికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, అవి గచ్చు మీద పడకుండా భుజానికి తుడుచుకుంటూ రుద్దాడు. ఆరాక మైనం పట్టించాడు, మళ్ళీ పట్టించాడు. అయ్యాక ఆ వరండా ఎలా ఉందంటే, పిట్టలు పైనుంచి చూసి చెరువనుకుని దిగి, ముక్కులు పట్టుకుని లేచిపోయేవి. సెలూన్ ఆయన తన పాత నేల తలుచుకుని నిట్టూర్చాడు.

గచ్చు గట్టిపడేదాకా పెరటి గుమ్మంలోంచే రాకపోకలు. తర్వాత రూల్సు గారు కమిటీ వాళ్ళందరినీ పిలిచి, చెప్పులు విప్పించి, వరండా మీద నడిపించాడు. ఆనందం పట్టలేక కుక్కని కూడా పిలిచాడు.

"మేజర్! కమ్!"

మేజర్ మెట్టెక్కి ఆగింది. కిందికి చూసింది. కింద ఉన్న కుక్క పైకి చూసింది. మేజర్ బొచ్చు నిక్కబొడుచుకుంది.

"కమ్ అంటున్నానా!"

ట్రైనింగున్న కుక్క కదా, మాటకి విలువిచ్చి ముందరి కాళ్ళు రెండూ పెట్టింది. ఆ రెండు కాళ్ళూ రెండు వైపులకి బయల్దేరాయి. గడ్డం నేలకి తగిలి, జారుకుంటూ పోయి పూలకుండీని గుద్దుకుని, కుయ్యోమంటూ రోడ్డు మీదికి వచ్చి పడింది. ఇక ఆ రోజు మొదలు మేజర్ వరండా ఎక్కలేదు. పెరటి గుమ్మంలోంచి రానిద్దామంటే అది వంటగది, ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. గోనెపట్టా వేసి చూశారు, పట్టా కుక్కతో సహా బండిలా జారింది. చివరికి రూల్సు గారే పొద్దున్నా సాయంత్రం దూడంత మేజర్‌ని రెండు చేతులతో ఎత్తుకుని, వరండా దాటించడం మొదలుపెట్టాడు. దాని వెనక కాళ్ళు ఆయన మోకాళ్ళకి కొట్టుకునేవి. సెలూన్ ఆయన తన కుర్చీని వీధివైపు తిప్పి వేశాడు. ఆ వేళల్లో క్షవరానికి గిరాకీ పెరిగింది.

మేస్త్రి భార్య అరుగు మీదికి వచ్చి ఆ దృశ్యం చూసింది. మొగుడి వంక చూసింది. మళ్ళీ ఎదురింటి వంక చూసింది. ఆ పూట టీ గ్లాసు టక్కున పెట్టలేదు. మేస్త్రి కుడిచేత్తో దాన్ని ఎత్తలేకపోతే, తనే పట్టుకుని తాగించింది.

"ఇదా నీ బుద్ధి?" అంది.

"ఇంకా ఉందే," అన్నాడు మేస్త్రి.

*

కొన్నాళ్ళకి రూల్సు గారి నడుము పట్టేసింది. ఇక ఎత్తడం ఆయన వల్ల కాలేదు. గేటు దగ్గర గొలుసు వేసి కడదామంటే, పుట్టి గొలుసెరగని కుక్క, వీధి అదిరేలా ఏడ్చింది. బోర్డు పెట్టించినాయన ఇంటిముందు కుక్క ఏడుపేమిటని జనం నవ్వారు. దాంతో ఆయన గొలుసు విప్పేసి బయటికి వదిలేశాడు.

కాళ్ళు నిలిచే నేల కోసం మేజర్ వీధంతా తిరిగింది. తిరిగి తిరిగి మేస్త్రి ఇంటి ముందుగదిలోకి వచ్చింది. మైనం పడని, తన అడుగులతోనే గరుకెక్కిన నేల, గోళ్ళు చక్కగా పట్టుకున్నాయి. పైగా మధ్యలో తన పిరుదులకి అచ్చంగా సరిపోయే గుంట. వెళ్ళి అందులో కూర్చుంది, పడుకుంది, గుర్రు పెట్టింది. రెండో రోజూ వచ్చింది. మూడో రోజుకి మేస్త్రి భార్య రొట్టెముక్క వేసింది.

"మంచి కుక్కేనయ్యా పాపం."

"కుక్కకేం," అన్నాడు మేస్త్రి.

ఒకరోజు పొద్దున మేస్త్రి మున్సిపల్ ఆఫీసు దాకా నడిచి వెళ్ళి, కుక్కల బండి అతనితో చెప్పాడు: "ఎవరిదో కుక్క బాబూ. గొలుసు లేకుండా వీధిలో తిరిగి మా ఇంట్లో దూరుతోంది. రూలు ప్రకారం పట్టుకెళ్ళండి."

బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. బండి అతను తాడు పట్టుకుని లోపలికి వచ్చాడు. మేజర్ తోకూపింది. వీధి జనం గుమ్మం చుట్టూ మూగారు. మేస్త్రి భార్య మొహం పాలిపోయింది.

"నిజంగా ఇచ్చేస్తావా?" అని చెవిలో అడిగింది. ఆయన కళ్ళు ఎదురింటి గేటు మీదే ఉన్నాయి. ఆ గేటు తెరుచుకోకపోతే ఏం చేస్తాడో ఆయనకే తెలియదు.

గేటు తెరుచుకుంది. రూల్సు గారు ఒక చేత్తో నడుము పట్టుకుని, ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఆగు! ఆగవోయ్! అది నా కుక్క!"

మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏ కుక్కండీ?"

"ఇదేనోయ్! మేజర్!"

"ఊళ్ళో వంద కుక్కలున్నాయి సార్. మీ కుక్క ఎప్పుడూ గొలుసులోనే ఉంటుంది కదా. ఇది గొలుసు లేని కుక్క. మీదెలా అవుతుంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రూల్సు గారు బండి అతని వైపు తిరిగాడు. "బాబూ, నేనెవరో తెలుసా? ఆ బోర్డు పెట్టించింది నేనే."

"తెలుసు సార్. అందులోనే ఉంది, రుజువు చూపాలని. కాగితం ఉందా?"

"కుక్కకి కాగితమేమిటయ్యా! మేజర్! కమ్!"

మేజర్ ఆవలించింది.

బండి అతను తాడు ముడి విప్పి మేజర్ మెడలో వేశాడు. రూల్సు గారు తాడు కొస పట్టుకున్నాడు. పిల్లలు లేని మనిషి, మేజర్ కంచం తన కంచం పక్కనే పెట్టుకునేవాడు. ఆ సంగతి వీధికి తెలుసు. మేస్త్రికీ తెలుసు. తెలిసీ పక్కకి తప్పుకోలేదు.

"వేలు! దాని ఎడమకాలికి వేలు లేదు! చూడు!" అన్నాడు రూల్సు గారు.

"వేళ్ళు లేని కుక్కలు బోలెడు సార్," అన్నాడు బండి అతను.

అప్పుడు రూల్సు గారి చూపు నేల మీద పడింది. అడుగులు. మూడేసి వేళ్ళవి, గది పొడవునా. ఆయన మొహం ముందు వెలిగింది, వెంటనే ఆరిపోయింది. ఆ అడుగులు రుజువే. వాటికి సరిపోయే కాలు ఊళ్ళో ఒక్కటే. కానీ ఆ రుజువు చూపిస్తే ఇంకేం ఒప్పుకున్నట్టో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

"బండి ఎక్కించమంటారా?" అన్నాడు మేస్త్రి, చాలా మర్యాదగా.

రూల్సు గారు నడుం పట్టేసిన మనిషి, మూలుగుతూ మోకాళ్ళ మీదికి దిగాడు. మేజర్ కాలు పట్టుకుని గచ్చులో ఉన్న అడుగులో పెట్టాడు. అచ్చు గుద్దినట్టు కూర్చుంది. చూపు ఆనక ఇంకా వంగాడు. ఆయన ముక్కు నేలకి తగిలింది.

"ఇదిగో. ఈ అడుగు దీనిదే. నా కుక్కే. ఆ రోజు వచ్చింది నా కుక్కే," అన్నాడు నేలలోకి.

"గొలుసుందా సార్ ఆ రోజు?" అంది మేస్త్రి భార్య.

"లేదమ్మా."

"వినబడలేదు. గుమ్మం బయట ఉన్నవాళ్ళకి."

"లేదు! లేదు! గొలుసు లేదు! పొరపాటైంది!"

సెలూన్ ఆయన గుంపులోంచి ముందుకొచ్చి, వంగి, రూల్సు గారి జేబులోంచి చాక్‌పీసు తీసి ఆయన చేతిలోనే పెట్టాడు. నల్లబల్ల దాకా వీధంతా వెంట నడిచింది. రూల్సు గారు సెలూన్ పేరు చెరిపి తన పేరు తనే రాసుకున్నాడు. చేతిరాత మాత్రం ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది.

*

మేస్త్రి కుడిచేయి ఇక కుదురుకోలేదు. గ్లాసు ఎడమచేత్తో ఎత్తుతాడు, గుండీలు భార్య పెడుతుంది. ఆమె నేల ఆమెకి రాలేదు. ఆమె ఆ సంగతి మర్చిపోలేదు, మర్చిపోనివ్వదు కూడా.

"నాకు ఇవ్వాల్సిన అద్దం ఎదురింటికి ఇచ్చావు," అంటుంది గుండీ పెడుతూ.

"ఎదురుగానే ఉంది కదే, చూసుకో."

"చూసుకుంటున్నానుగా, రోజూ."

అయితే ఆ గది తవ్వుతామని ఎవరైనా అంటే మాత్రం ఆమె చీపురు తీస్తుంది. చుట్టాలొస్తే నేల తడిగుడ్డతో తుడిచి చూపిస్తుంది. "ఇవి మేజర్ కాళ్ళు. ఇది వాడు కూర్చున్న చోటు. ఇదుగో, ఇక్కడ, ఈ అడుగు పక్కన, రూల్సు గారి ముక్కు." ముక్కు గుర్తు నిజంగా ఉందా అంటే, గచ్చు ఎప్పుడో గట్టిపడింది కదా, ఉండటానికి వీల్లేదు. కానీ ఆమె వేలు పెట్టి చూపించాక లేదనడానికి ఇంతవరకూ ఎవరికీ ధైర్యం చాల్లేదు.

రోజూ పొద్దున్నే రూల్సు గారు నడుముకి పట్టీ కట్టుకుని, మేజర్‌ని ఎత్తుకుని వరండా దాటిస్తాడు. దాని మెడలో గొలుసు ఉంటుంది, రెండో కొస ఆయన మణికట్టుకి చుట్టి ఉంటుంది. మేస్త్రి అరుగు మీద టీ తాగుతూ, ఆయన సరిగ్గా వరండా మధ్యకి, అద్దం బాగా మెరిసేచోటికి వచ్చేదాకా ఆగి, పిలుస్తాడు.

"గొలుసుందా సార్?"

చేతుల్లో అంత బరువుతో రూల్సు గారు తల ఊపలేడు. నోటితోనే చెప్పాలి.

"ఉందోయ్," అంటాడు.

"వినబడలేదండీ," అంటాడు మేస్త్రి.